వెనక కూర్చునే మనిషి

గెమ్యూండ్, ఐఫెల్ కొండలు
మార్చి 3

తమ్ముడు ఎక్‌హార్ట్‌కి,

ఫోన్ చేద్దామనుకున్నాను గానీ నలభై ఏళ్ళు ఇంజన్ల పక్కన నిలబడి నీ చెవులు ఎలాగూ పోయాయి. నేను అరవాలి, నువ్వు "ఆఁ? ఆఁ?" అనాలి, చివరికి ఇద్దరం పోట్లాడుకుని పెట్టేయాలి. దానికంటే కాగితమే నయం.

అసలు విషయం, నాకో బండి కావాలి. ఈ పెద్ద మోటారుసైకిలు ఇక నా వల్ల కావడం లేదురా. రెండు వందల అరవై కిలోల ఇనుము. మొన్న షెడ్డులోంచి వెనక్కి లాగుతుంటే నడుం పట్టేసింది. పక్కింటి యుట్టా పరుగెత్తుకొచ్చి పట్టుకోకపోతే బండీ నేనూ కలిసి నేల మీద ఉండేవాళ్ళం. పట్టుకున్నది ఊరుకుందా, "రోస్‌విథా, అరవై ఆరేళ్ళ దానివి, బస్సు పాసు తీసుకోరాదూ" అంది. దాని నోట్లో మట్టి కొట్ట.

తేలికైనదీ, ఎత్తు తక్కువదీ చూడు. పందొమ్మిదేళ్ళప్పుడు నా మొదటి బండి నువ్వే ఎంచావు, నీకింకా మూతి మీద మీసం కూడా రాలేదు. ఇది కూడా నువ్వే ఎంచు. నంబరు ప్లేటు మీద ఎప్పటిలాగే 04–10 వేయిస్తాను, ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకానే నడపడానికి. ఏప్రిల్ ఒకటికల్లా రోడ్డెక్కాలి.

మీ బావ బాగానే ఉన్నాడు. కాస్త మతిమరుపు, వయసు కదా.

మీ అక్క
రోస్‌విథా


బాద్ ఊరాఖ్
మార్చి 11

అక్కా,

నా చెవుల సంగతి సరే, నీ నోటి సంగతి చూసుకో. అది మాత్రం ఏమీ అరగలేదు.

బండి ఎంచడం చెప్పులు ఎంచడం లాంటిదే. కాలు చూసి కొనాలి గానీ షాపు అద్దంలో మెరుపు చూసి కాదు. మా ఊళ్ళో ఒక పళ్ళ డాక్టరున్నాడు. ఎడారులు దాటే బండి కొన్నాడు, అటూ ఇటూ అల్యూమినియం పెట్టెలు కూడా బిగించాడు. దాని మీద ఆదివారం పొద్దున్నే బేకరీకి వెళ్ళి నాలుగు బన్నులు తెచ్చుకుంటాడు. మనిషి పొట్టి, సిగ్నల్ దగ్గర కాలు అందక రెండుసార్లు పడ్డాడు. అందుకే నా బండ్ల కొట్టుకి ఎవరొచ్చినా మొదట కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి అడుగుతాను, ఎలా నడపాలని ఉందో కాదు, నిరుడు నిజంగా ఎలా నడిపావో చెప్పు అని.

నువ్వూ చెప్పు. వారానికి ఎన్నిసార్లు తీశావు? ఎంత దూరం వెళ్ళావు? ఆగినప్పుడు రెండు పాదాలూ నేలకి ఆనాలా, ఒక్కటి చాలా? అన్నిటికంటే ముఖ్యమైనది బావ సంగతి. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఆయన నీ వెనకే ఉన్నాడు. లైసెన్సు కూడా తీసుకోలేదు మహానుభావుడు, "మ్యాపు నేను చూస్తా, రోడ్డు నువ్వు చూడు" అనేవాడు. ఇప్పటికీ కూర్చుంటున్నాడా? ఒక్కరెక్కే బండి వేరు, ఇద్దరెక్కే బండి వేరు. స్ప్రింగులు వేరు, సీటు వేరు, బ్రేకు వేరు.

బావ ఎలా ఉన్నాడు? మాట వరసకి అడగడం లేదు.

ఎక్‌హార్ట్


గెమ్యూండ్
మార్చి 18

ఒరేయ్,

పోలీసులు కూడా ఇన్ని ప్రశ్నలు వేయరు. రాసుకో. వారానికి రెండుసార్లు తీస్తాను. రూర్ చెరువు చుట్టూ తిరిగి రావడం, ఎప్పుడైనా మోన్‌షావు దాకా. అరవై డెబ్బై కిలోమీటర్లు దాటితే భుజం లాగుతుంది. రెండు పాదాలూ ఆనాలి, ఆ విషయంలో నాకు పౌరుషం లేదు.

ఎక్కువగా ఒక్కదాన్నే. మీ బావకి మోకాళ్ళ నొప్పులు, వెనక ఎక్కడం మానేశాడు. తోటలో ఏదో ఒకటి చేసుకుంటూ ఉంటాడు. కాబట్టి ఒక్కదానికి సరిపడేది చూడు, చాలు.

పెద్దది అమ్మేయనా?

అక్క


బాద్ ఊరాఖ్
ఏప్రిల్ 20

అక్కా,

ఏప్రిల్ ఒకటి అన్నావు, ఇరవై అయింది. తిట్టుకో. ఈ ఉత్తరం అందేసరికి బండి కూడా నీ గుమ్మంలో ఉంటుంది, లారీకి ఎక్కించి పంపాను.

ఆరువందల యాభై సీసీ ఇంజను, ఒకటే సిలిండరు. బరువు నీ పాతదానిలో మూడింట రెండొంతులు కూడా లేదు. వెనక స్ప్రింగు మార్చి మూడు సెంటీమీటర్లు దింపాను. సీటులో నురగ కోసి సన్నం చేశాను, నీ పాదాలు పూర్తిగా ఆనుతాయి. హ్యాండిలు నీ వైపు కాస్త తెచ్చాను, భుజం లాగదు. ఒక్కదానివే అన్నావు కాబట్టి వెనక సీటు అరచేతంత చేసి, పట్టుకునే కమ్మీ తీసేశాను. అనవసరమైన బరువు దేనికి.

వారం రోజులు నేనే నడిపి చూశాను. మా ఆల్బ్ కొండల మీద మేకపిల్లలా గెంతింది. పెద్దదాన్ని మాత్రం ఇప్పుడే అమ్మకు. ఎందుకని అడగకు, అమ్మకు అంతే.

ఎక్‌హార్ట్


గెమ్యూండ్
జూన్ 9

తమ్ముడూ,

నెలన్నర అయింది, థాంక్స్ కూడా రాయలేదు. ముందు బండి గురించి చెబుతాను, తర్వాతది తర్వాత.

బంగారంరా ఆ బండి. మొదటి రోజు చెరువు పైన మలుపుల్లోకి తీసుకెళ్ళాను. నేను చూపు ఎటు పెడితే అది అటు వెళ్ళింది. పాతదానితో ప్రతి మలుపులోనూ కుస్తీ పట్టేదాన్ని, ఇది అడగకుండానే ఒరిగింది. హెల్మెట్టులో నాలో నేను పాడుకున్నాను. ఐన్‌రూర్ దగ్గర ఆపి, గోధుమ రొట్టె తింటూ దాన్ని చూస్తూ కూర్చున్నాను. నా ఒంటికి కొలిచి కుట్టినట్టుంది. ఇన్నేళ్ళూ మగవాళ్ళ కొలతలకి చేసిన బండ్లు మోశానని అప్పుడు తెలిసింది.

ఇప్పుడు రెండోది. నీకు అబద్ధం రాశాను.

మీ బావకి మోకాళ్ళ నొప్పులు లేవు. మతి పోతోంది. రెండేళ్ళ క్రితమే డాక్టరు పేరు పెట్టి చెప్పాడు. ఈ కొండలన్నీ కొలిచి మ్యాపులు గీసిన మనిషి, సొంత ఇంట్లో స్నానాలగది వెతుక్కుంటున్నాడు. పది నిమిషాలకోసారి కోటు వేసుకుని "ఇంటికి పోదాం పద" అంటాడు. ఇదే ఇల్లు అంటే నన్ను దొంగని చూసినట్టు చూస్తాడు. బండి వెనక ఎక్కితే మాత్రం ఆ మాట అనడు. నా నడుం పట్టుకుని, కుడికి తిరగాలంటే కుడి భుజం తట్టి, ఎడమకి తిరగాలంటే ఎడమ భుజం తట్టి, పాత మనిషే అయిపోతాడు.

మరి ఒంటరి బండి ఎందుకు అడిగావని నువ్వు అడుగుతావు. రాయడానికి సిగ్గేస్తోంది. ఆయన ఎక్కలేని బండి కావాలనే అడిగాను. వారానికి రెండు గంటలు ఆయన లేకుండా ఊపిరి పీల్చుకోవాలనిపించింది. నువ్వు నిజంగానే అలాంటిదే చేసి పంపావు. నేను వెళ్ళిపోగానే ఆయన హెల్మెట్టు పెట్టుకుని గేటు దగ్గర నిలబడేవాడట. యుట్టా చెప్పింది, "రెండు గంటలూ అలాగే నిలబడ్డాడు, లోపలికి రమ్మంటే 'ఆవిడ నన్ను మర్చిపోయి వెళ్ళింది, వచ్చేస్తుంది' అన్నాడు" అని.

పోయిన గురువారం పెద్దబండి తీసి ఆయన్ని ఎక్కించుకున్నాను. చెరువు పైన కుడి మలుపులో నేను కుడికి ఒరిగాను. ఆయన నిటారుగా లేచి ఎడమకి వంగాడు, నీళ్ళ మీద ఏదో చూద్దామని. ముప్ఫై ఎనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా అలా చెయ్యలేదు. బండి గీత దాటి అవతలి వైపుకి పోయింది. ఎదురుగా పాల ట్యాంకరు. జానెడు తేడాలో తప్పిందిరా. డ్రైవరు హారను చాలాసేపు మోగుతూనే ఉంది. మీ బావ నా భుజం తట్టి "బాగుంది" అన్నాడు.

ష్లైడెన్‌లో మతి తప్పినవాళ్ళని చూసుకునే హోమ్ ఉంది. నవంబరు నుంచి ఒక గది ఇస్తామన్నారు. అక్టోబరు నెలాఖరులోగా నేను సంతకం పెట్టాలి. కాగితం వంటింటి బల్ల మీదే ఉంది, దాని మీద ఉప్పు డబ్బా పెట్టాను. ఆయన నాతో బండెక్కగలిగితే ఇంట్లోనే ఉంచుకోగలను, లేకపోతే పంపేయాలి. నాకు అంతకంటే వేరే ఆలోచన రావడం లేదు.

ఇప్పుడు మళ్ళీ అడుగుతున్నాను, ఏ బండి?

అక్క


బాద్ ఊరాఖ్
జూన్ 14

అక్కా,

నీ ఉత్తరం చదివి స్పానరు గోడకేసి కొట్టాను. పనివాళ్ళు బయటికి పోయారు. పాల ట్యాంకరా! బుద్ధుందా నీకు?

తిట్టడానికి నాకు హక్కు లేదని మధ్యాహ్నానికి గుర్తొచ్చింది. నేనూ ఒకటి దాచాను.

రెండేళ్ళ కిందట బావ ఒక్కడే రైల్లో ఇక్కడికొచ్చాడు. నీతో ఏదో పాత ఆఫీసు వాళ్ళ సమావేశం అని చెప్పి ఉంటాడు. కొట్టులో ఈ మూల నుంచి ఆ మూలకి నడిచి, బండి పక్కన మూడో చక్రంతో బిగించే సైడ్‌కారు తొట్టులన్నీ చూసి, ఒకదాంట్లో కూర్చున్నాడు. "బామ్మర్దీ, నేను చెడ్డ ప్యాసింజరుని అయ్యే రోజు వస్తుంది. మీ అక్క నీకు చెప్పదు. అబద్ధమాడుతుంది. నువ్వు ఆ అబద్ధం నమ్మకు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేను టేపు తెచ్చి ఆయన కాళ్ళు, భుజాలు కొలిచాను. ఆ చీటీ ఇప్పటికీ బల్ల సొరుగులో ఉంది.

ఆయన వెళ్ళాక ఏమీ కట్టలేదు. కడితే అది నిజమవుతుందని భయమేసింది. మార్చిలో నువ్వు "మోకాళ్ళ నొప్పులు" అని రాస్తే నమ్మినట్టు నటించాను. హాయిగా అనిపించింది కూడా. పెద్దబండి అమ్మకు అని మాత్రం రాయగలిగాను, అంతకు మించి ధైర్యం చాలలేదు. ఆ ట్యాంకరు తగిలి ఉంటే సగం పాపం నాదే.

ఇక పని మాట. నీకు కావలసింది సైడ్‌కారు. దాన్ని లాగడానికి తేలిక బండి పనికిరాదు, నువ్వు అమ్మేద్దామనుకున్న ఆ రెండు వందల అరవై కిలోలే కావాలి. షెడ్డులో నీ నడుం విరిచిన బరువే మలుపులో నిన్ను కాపాడుతుంది. మూడు చక్రాల మీద నిలబడుతుంది కాబట్టి నువ్వు మొయ్యక్కర్లేదు, రివర్సు గేరు కూడా పెడతాను. ఆయన నీ కుడి పక్కన, కింద, బెల్టు పెట్టుకుని కూర్చుంటాడు. ఎటు వంగినా నీకేం కాదు.

కానీ విను. నలభై ఏడేళ్ళు రెండు చక్రాల మీద తిరిగినవాళ్ళంత చెడ్డ శిష్యులు ఈ పనికి ఇంకెవరూ ఉండరు. ఏమీ రానివాడు వారంలో నేర్చుకుంటాడు, నీలాంటిది మొదటి మలుపులోనే కంచెలోకి పోతుంది. వచ్చి నేనే నేర్పుతాను.

ఇంకో మాట. దీని నంబరు ప్లేటు ఏడాది పొడుగునా ఉండేది తీసుకో. సైడ్‌కారు మంచులో కూడా నడుస్తుంది.

ఎక్‌హార్ట్


గెమ్యూండ్
ఆగస్టు 24

తమ్ముడూ,

నువ్వు సైడ్‌కారు బిగించి, నేర్పి వెళ్ళిన మర్నాడే కంచెలోకి పోయాను. యుట్టా బంగాళాదుంపల మడి మొత్తం దున్నేశాను. అది గుమ్మంలో నిలబడి "పోనీలే, ఈ ఏడు తవ్వుకునే పని తప్పింది" అంది. రంపపు మిల్లు ఆవరణలో నువ్వు మొహం ఎర్రగా చేసుకుని "ఒరగకే, తిప్పు! తిప్పు!" అని అరిచినదే చెవిలో మోగుతోంది. ఏం చెయ్యనురా, మలుపు కనబడితే ఒళ్ళు దానంతటదే ఒరుగుతుంది, బండేమో తిన్నగా పోతుంది. యాక్సిలరేటరు తిప్పితే కుడికి లాగుతుంది, తగ్గిస్తే ఎడమకి పోతుంది. తొట్టిలో నువ్వు వేసిన రెండు ఇసుక బస్తాలతోనే మూడు వారాలు తిరిగాను. ఇప్పుడు చేతులకి తెలిసింది.

తర్వాత బస్తాలు తీసి మీ బావని కూర్చోబెట్టాను. నువ్వు కొలిచినట్టే సరిగ్గా పట్టాడు.

మొదటిరోజు ఏడ్చాడు. వెనక్కి తిరిగి తిరిగి చూశాడు. పక్కన ఆపి "ఏమైంది?" అంటే "మా ఆవిడ వెనక ఉండిపోయింది, ఆపండి" అన్నాడు. హెల్మెట్టు తీసి మొహం చూపించాను. "అమ్మయ్య, వచ్చావా" అన్నాడు. మళ్ళీ పెట్టుకోగానే ఆయనకి నేను లేకుండా పోయాను. ముప్ఫై ఎనిమిదేళ్ళూ ఆయన చూసింది నా వీపు. పక్కనుంచి, కిందనుంచి చూస్తే నేనెవరో ఆయనకి తెలియదు.

నాలుగో రోజుకి వెతకడం మానేశాడు. చెయ్యి బయట పెట్టి గడ్డి అంచులు తాకుతూ కూర్చుంటాడు. ఊరూరా జనం చెయ్యి ఊపుతారు, ఈయన పెళ్ళికొడుకులా తల పంకిస్తాడు. గంటకి నలభై కిలోమీటర్లు. ఇంత నెమ్మదిగా పుట్టి బుద్ధెరిగి నడపలేదు, ఇంత బాగా కూడా ఎప్పుడూ అనిపించలేదు. నేను గెలిచాననే అనుకున్నాను.

దిగాక మాత్రం అంతా మామూలే. నిన్న స్నానానికి వెళ్ళి వచ్చేసరికి మనిషి లేడు. రెండు కిలోమీటర్ల అవతల పెట్రోలు బంకులో దొరికాడు. కాళ్ళకి ఇంటి చెప్పులు, నెత్తిన హెల్మెట్టు. కాళ్ళు నెత్తురు. పెద్ద రోడ్డు దాటి వెళ్ళాడురా ఆయన. నేను మరుసటి పూటే మళ్ళీ బండెక్కించాను, ఎక్కువసేపు తిప్పితే సరిపోతుందని. నువ్వు చెప్పు, ఇంకాస్త దూరం తిప్పనా? పొద్దునా సాయంత్రం రెండు పూటలా తిప్పనా?

ప్లేటు సంగతి అడుగుతావని ముందే చెబుతున్నా. ఆఫీసులో అమ్మాయి "ఏ నెలలు?" అని అడగ్గానే నా నోరు దానంతటదే "ఏప్రిల్ నుంచి అక్టోబరు" అంది. ముప్ఫై ఏళ్ళ అలవాటు.

అక్క


బాద్ ఊరాఖ్
సెప్టెంబరు 2

అక్కా,

నాలుగుసార్లు రాసి చించేశాను.

నువ్వు బండి అడిగావు, కట్టాను. నాకు తెలిసినంతలో అంతకంటే నీకు సరిపడే బండి లేదు. అది ఒక గంటకి చేసిన బండి అక్కా. మిగతా ఇరవై మూడు గంటలకి సరిపోయేది చెయ్యడం నాకు చేతకాదు. నాకే కాదు, ఎవరికీ చేతకాదు. రెండు పూటలా తిప్పినా రోజు పూర్తి కాదు, నువ్వు పూర్తయిపోతావు.

సంతకం పెట్టమని నేను చెప్పను. పెట్టినా, పెట్టకపోయినా నేను నీ తమ్ముణ్ణే. బావ ఆ రోజు రైలెక్కేముందు అన్న ఇంకొక మాట మాత్రం చెబుతాను. జూన్‌లో చెప్పలేదు, చెప్పబుద్ధి కాలేదు. "నన్ను మోస్తూ మోస్తూ మీ అక్క పడిపోకూడదు. అంతవరకూ రానివ్వకు" అన్నాడు.

ఎక్‌హార్ట్


గెమ్యూండ్
నవంబరు 15

తమ్ముడూ,

అక్టోబరు ముప్ఫైన సంతకం పెట్టాను. పేరు వంకరపోయింది. హోమ్ ఆఫీసులో పిల్ల "పర్వాలేదండీ, చెల్లుతుంది" అంది. అక్కడినుంచి తిన్నగా ప్లేట్ల ఆఫీసుకి వెళ్ళాను. "ఏ నెలలు?" అంటే "అన్నీ" అన్నాను.

నవంబరు ఒకటిన నేనే ఆయన్ని తొట్టిలో కూర్చోబెట్టి ష్లైడెన్ తీసుకెళ్ళాను. అంబులెన్సు పంపుతామన్నారు, వద్దన్నాను. మెట్ల దగ్గర దింపితే చుట్టూ చూసి "ఇది మన ఇల్లు కాదే" అన్నాడు. "అవును, కాదు" అన్నాను. తిరిగి వస్తూ ఖాళీ తొట్టితో కుడి మలుపుల్లో పక్క చక్రం గాల్లోకి లేచింది. రోడ్డు పక్కన ఆపి చాలాసేపు ఏడ్చాను. తర్వాత గట్టు మీద ఉన్న రాళ్ళు ఏరి బరువు కోసం తొట్టిలో వేసుకుని ఇంటికొచ్చాను.

పది రోజులు నిద్ర పట్టలేదని అబద్ధమాడను. మొద్దులా నిద్రపోయాను, దానికే ఎక్కువ సిగ్గుపడ్డాను.

ఇక గురువారాలు మావి. నిన్నటికి రెండోది. చలి, చెరువు మీద పొగమంచు, రోడ్డు మీద తడి ఆకులు. నర్సు ఆయనకి రెండు స్వెట్టర్లు తొడిగి, మెడకి మఫ్లరు చుట్టి పంపింది. నన్ను చూసి కొత్తవాళ్ళకి వంచినట్టు తల వంచాడు. నేను హెల్మెట్టు తియ్యలేదు. తీసి చూపించడం, మళ్ళీ పెట్టుకోవడం ఆయనకీ నాకూ ఎందుకని ఊరుకున్నాను. ఐన్‌రూర్ దాకా వెళ్ళి వచ్చాం. చేతులు లోపల పెట్టుకుని అన్నీ చూశాడు. ఒక్కసారి కూడా ఇంటికి పోదామనలేదు.

హోమ్ ముందు ఇంజను ఆపాక దిగకుండా కూర్చుని, "ఏవండీ, బాగానే నడిపారు. నాకేం భయం వెయ్యలేదు" అన్నాడు.

"సంతోషమండీ" అన్నాను.

"ఏమీ అనుకోకపోతే ఒక మాట. మలుపుల్లో మీరు ఒరగరు. మా ఆవిడ ఒరుగుతుంది. ఆవిడతో పాటు మనమూ ఒరగాలి, లేకపోతే ఇద్దరమూ పడతాం."

"ఆవిడ మీకంత అలవాటా? ఎన్నేళ్ళు కూర్చున్నారు వెనక?"

నర్సు తలుపు తీసి నిలబడింది. ఆయన మఫ్లరు సర్దుకుని, నా వైపు చూసి నవ్వాడు.

"ఇంకా దిగలేదండీ" అన్నాడు.

వచ్చే గురువారం మంచు పడుతుందంటున్నారు. తొట్టికి వేసే కప్పు తొందరగా పంపు.

మీ అక్క
రోస్‌విథా